మాయమైన పదకొండు పేజీలు

"పదకొండు పేజీలండీ! నా బీరువాలోంచే మాయమైపోయాయి," అన్నాడు డిటెక్టివ్ దగ్గరికొచ్చిన వృద్ధ పండితుడు. ఇస్లాం ధర్మశాస్త్రం ఎలా పుట్టింది, అందులో దేనికి ఏది ఆధారం అన్న విషయం మీద నలభై ఏళ్లుగా ఆయన రాస్తున్న గ్రంథం అది. "నా శిష్యుడే తీశాడు. సాపు ప్రతి రాసేది వాడే. వాడికి బోధించే అనుమతిపత్రం ఇవ్వను. ఇవాళే పంపేస్తాను."

డిటెక్టివ్, అసిస్టెంటు ఆయన వెంటే ఇంటికి వెళ్లారు. బీరువా తాళం చెక్కుచెదరలేదు. నిరుటిదాకా రాసిన పేజీల జోలికి ఎవరూ పోలేదు. పోయినవన్నీ ఈ ఏడాది రాసినవే. శిష్యుడు తల వంచుకుని నిలబడ్డాడు. అసిస్టెంటు అప్పటికే అతణ్ణి దొంగగా తేల్చేశాడు. అతని తొందర ఎప్పుడూ అంతే. మూల కుర్చీలో పండితుడి కూతురు నీలం దారంతో కాగితాలు కుట్టి పుస్తకం కడుతోంది.

"పోయినవాటిలో ఏముంది?" అడిగాడు డిటెక్టివ్.

"ప్రవక్త మాటలు. ఖురాన్ తర్వాత మాకు అవే ఆధారం. ఒక్కో మాటా ఎవరి నుంచి ఎవరు విన్నారో వరుసగా చెప్పాలి. వరుస ఒక్కచోట తెగినా ఆ మాట చెల్లదు," అంటూ పండితుడు ఒక వరుస గడగడా అప్పజెప్పాడు.

కూతురి చేతిలో సూది ఆగింది. ఆయన జ్ఞాపకశక్తికి నోరు వెళ్లబెట్టిన అసిస్టెంటు అది చూడలేదు.

డిటెక్టివ్ బల్లమీది లావుపాటి పుస్తకం తెరిచాడు. ఆ మాటలు చేరవేసినవారి జీవితాలు అందులో ఉన్నాయి. శిష్యుడు గుర్తుకు పెట్టుకున్నవి కాగితం ముక్కలు. వాటి మధ్య అక్కడక్కడా నీలం దారప్పోగులు. పోగు ఉన్న ప్రతిచోటా ఒకరు చనిపోయిన సంవత్సరం ఉంది. గంటసేపు చదివి, అందరినీ కూర్చోబెట్టాడు.

"అయ్యా, మీరిందాక చెప్పిన వరుసలో ఒకచోట విన్నాయన పుట్టేటప్పటికే చెప్పినాయన పోయి తొమ్మిదేళ్లు. వాళ్లు కలిసే వీల్లేదు. పదకొండు పేజీలు పోయాయి, ఇందులో పదకొండు పోగులున్నాయి. ఎవరో తప్పులున్న పేజీలే ఏరి తీశారు. మీ శిష్యుడు కాగితం పెడతాడు. ఈ ఇంట్లో దారం పట్టేది ఒక్కరే."

పండితుడు కూతురి వైపు తిరిగాడు. "నువ్వా? నీకిదంతా ఎవరు నేర్పారు?"

"మీరే నాన్నా. మీరు పాఠం చెబుతుంటే ముప్పై ఏళ్లు ఈ మూలనే కూర్చున్నాను." కుట్టుపెట్టె అడుగునుంచి పేజీలు తీసి ఆయన ఒళ్లో పెట్టింది. "జనం మిమ్మల్ని చూసి నవ్వుతారని భయమేసింది. నింద ఇతని మీద పడ్డాక చెప్పడానికి నోరు రాలేదు."

ఆయన ఒక్కో పేజీ చదివాడు. చదువుతూ ఏడ్చాడు. శిష్యుడి చెయ్యి పట్టుకుని, "మన్నించు నాయనా. నీ పత్రం ఇవాళే రాసిస్తాను," అన్నాడు.

తర్వాత కూతుర్ని అడిగాడు. "ముసలితనంలో మతి తప్పిన గురువుల విషయంలో మన పెద్దలేం చేసేవారు?"

"ఎప్పటినుంచి తప్పిందో రాసిపెట్టేవారు. అంతకుముందు చెప్పింది తీసుకుని, తర్వాతది వదిలేసేవారు."

"మరి నాకెప్పటినుంచి?"

"అమ్మ చనిపోయినప్పటినుంచి నాన్నా."

"అలాగే రాయి. మొదటి పేజీలోనే."

రాసింది. ఆయన కళ్లజోడు సర్దుకుని చదివి, కాగితాన్ని మళ్లీ ఆమె ముందుకు జరిపాడు.

"కింద నీ పేరేదీ? ఎవరు చెప్పారో తెలియని మాట చెల్లదమ్మా."

ఆమె కళ్లు తుడుచుకుని, తండ్రికి మతి తప్పిందన్న మాట కింద తన పేరు రాసింది.