చెంచయ్య చెంపమీది మసి

ఆ రోజు ఇంట్లో ఉన్నవాళ్ళు వీళ్ళు. గిద్దలూరు బయటి పోలీసు క్యాంపులో కొత్తవాళ్ళకు తుపాకి నేర్పే జమేదారు గురవయ్య. అతని తల్లి. భార్య వెంకటసుబ్బులమ్మ. పదిహేనేళ్ళ కూతురు శేషమ్మ. వసారాలో స్తంభానికి గొలుసుతో కట్టేసి, వెంకటసుబ్బులమ్మ తమ్ముడు, ఆ క్యాంపులోనే కొత్తగా చేరిన పోలీసు నరసింహులు.

మెట్టు కింద ఎల్లమ్మ కూర్చుని ఉంది. పైకి రమ్మన్నా రాలేదు. ముందురోజు పొద్దున నరసింహులు పేల్చిన గుండుకు చచ్చిపోయిన గొర్రెలకాపరి చెంచయ్య ఆమె మొగుడు. పెళ్ళయి నెల కాలేదు.

మార్కాపురం నుంచి వచ్చిన సర్కిల్ ఇన్‌స్పెక్టర్ ఆదినారాయణ కుర్చీని వసారా మధ్యకు లాక్కున్నాడు. సాయంత్రం బండిలో నరసింహుల్ని కర్నూలు జైలుకు పంపాలి. ఖూనీ కేసు. రుజువైతే ఉరి.

శేషమ్మ తలుపు చాటున నిలబడింది. మామ చేతుల వైపు చూడలేకపోయింది. గొలుసు ఒరిపిడికి మణికట్టు ఎర్రగా కందిపోయింది.

"ఏం చూసినావు?" ఆదినారాయణ నరసింహుల్ని అడిగాడు.

"తుపాకి, అయ్యా."

"ఎవరి చేతిలో?"

"గొంగడి కప్పుకున్న ఆకారం. బండ వెనక నుంచి లేచింది. తుపాకి చెంపకు ఆనించి నా దిక్కు గురి పెట్టింది. బొమ్మే అనుకున్నా."

"బొమ్మ లేస్తాదా?"

"తాళ్ళు లాగి లేపుతారయ్యా. బావ కొత్తగా పెట్టినాడు."

ఆ మాట నిజమే. పాత పద్ధతిలో గుండ్రటి గుడ్డ మీద గురి కొట్టించేవాళ్ళు. గురవయ్యకు అది నచ్చలేదు. దొంగ గుండ్రంగా ఉంటాడా అనేవాడు. గుట్టల్లో మనిషెత్తు గడ్డిబొమ్మలు నిలబెట్టించాడు. వాటికి ఈ ఊళ్ళ పంచెలే, ఈ ఊళ్ళ గొంగళ్ళే. ఒకదాని చేతిలో కడవ. ఒకదాని చేతిలో కర్ర. ఒకదాని చేతిలో కొయ్య తుపాకి. తుపాకి ఉన్నదాన్నే కాల్చాలి. మొగం చూడొద్దు, గుడ్డలు చూడొద్దు, చేతులు చూడు. అదీ అతని పాఠం. బొమ్మలకు గుడ్డలు కుట్టింది శేషమ్మ. కొయ్య తుపాకులకు నలుపు పూసిందీ ఆమే.

"శవం చేతిలో ఉన్నది కర్ర," ఆదినారాయణ అన్నాడు. "ముందు చేరింది ఎవరు?"

"నేనే సార్," అన్నాడు గురవయ్య. "కర్ర పిడికిట్లోనే ఉండాది. తుపాకీ లేదు, గిపాకీ లేదు. గొర్రెలు తోలుకుంటా అడ్డమొచ్చినాడు పాపం. వీడు చూసుకోకుండా కాల్చినాడు."

లోపలి నుంచి ముసలమ్మ అందుకుంది. "కర్రకూ తుపాకికీ తేడా తెలియనోడికి పోలీసు ఉద్యోగమేందో! అంతా అక్క సిఫారసు!"

"అత్తా, వాని మెడ మీద తాడు వేలాడతా ఉండాది," అంది వెంకటసుబ్బులమ్మ. "ఈ పూటకన్నా ఊరుకో."

ఆదినారాయణ వాళ్ళ వైపు తిరగలేదు. "నరసింహులూ, తుపాకి నింపింది ఎవరు?"

"బావే నింపి చేతికిచ్చినాడయ్యా."

"రోజూ అట్లనేనా?"

"రోజూ ఎవరిది వాళ్ళే నింపుకుంటాం."

గురవయ్య గొంతు సవరించుకున్నాడు. గాలికి పెరట్లో ఎండు మట్టలు గీసుకుంటున్న చప్పుడు వినబడింది.

"శవం చెంప మీద నల్లగా ఏందో ఉన్నదట," ఆదినారాయణ నెమ్మదిగా అన్నాడు. "నేనొచ్చేసరికి లేదు."

"బుగ్గచుక్క సార్," గురవయ్య వెంటనే అన్నాడు. "కొత్త పెళ్ళికొడుకు గదా. పంచనామాకు వచ్చిన పెద్దమనుషులు కూడా అదే అన్నారు."

మెట్టు కింద నుంచి మాట వచ్చింది. "చుక్క కాదు సామీ."

అందరూ ఎల్లమ్మ వైపు తిరిగారు.

"పెండ్లి చుక్క నాగవల్లి అయినాక తలకు పోసి నేనే కడిగినా. ఇది ఈ చెంపంతా పూసుకొని ఉన్నింది. మట్టి చేసేలోపల కొంగుతో తుడిచినా. మసి మొగంతో పంపుతానా?"

"నిన్న ఎందుకు చెప్పలేదమ్మా?"

"నన్నెవురడిగినారు సామీ?"

ఆమె కొంగు చాపింది. నిన్నటి చీరే. మార్చుకునే ధ్యాస కూడా లేదు మనిషికి. ఆదినారాయణ మెట్టు దిగి, ఆమె పక్కన గొంతుక్కూర్చుని, ఆ నల్ల మరకను వేళ్ళ మధ్య నలిపాడు. వాసన చూశాడు. ఆముదం. మళ్ళీ నలిపాడు. ఎండలోకి తిప్పాడు. అతని వేళ్ళ మీద నలుపు ఇనుము రంగులో సన్నగా మెరిసింది.

"కాటుక మెత్తగా జారుతాది," అన్నాడు. "ఇది గరగరలాడుతుంది."

లేచి నిలబడ్డాడు.

"కొయ్య తుపాకులకు రంగు ఎవరు పూసినారు?"

శేషమ్మ తలుపు చాటు నుంచి ఒక అడుగు ముందుకొచ్చింది. పరాయివాళ్ళ ఎదుట ఆమె నోరు విప్పి ఎరగదు. బళ్ళో అయ్యవారు అడిగినా పక్క పిల్లే చెప్పేది.

"నేనయ్యా," అంది.

"దేంతో?"

"దీపం మసి సార్," గురవయ్య అడ్డం వచ్చాడు. "ఆముదంలో దీపం మసి కలిపింది, అంతే. అదీ కాటుకలాంటిదే."

"అంతేనా పాపా?"

నాయన ఆమె వైపే చూస్తున్నాడు. బెదిరింపు లేదు ఆ చూపులో. బతిమాలుతున్నాడు. అమ్మ కూడా చూస్తోంది, ఏం జరుగుతున్నదో ఇంకా తెలియక. అవును అంటే చాలు. ఒక్క మాట. సాయంత్రం బండి వస్తుంది, మామ ఎక్కుతాడు.

"ఎండలో నిజం తుపాకిలాగ మెరవాలన్నాడు నాయన," అంది శేషమ్మ. "అందుకని మార్కాపురం పలక ముక్కలు నూరి ఆ పొడి కలిపినా."

ఆదినారాయణ వేళ్ళ మీది నలుపును గురవయ్యకు చూపించాడు.

"ఏ తల్లీ కాటుకలో పలకపొడి కలపదు," అన్నాడు ఆదినారాయణ. "ఆముదం ఆరదు గనక అంటుకుంది. సరే. అంటుకుంటే అరచేతికి అంటుకోవాల. చెంపకెట్ల అంటింది? కర్రను ఎవురన్నా చెంపకు ఆనించుకుంటారా? చెంపకు ఆనేది తుపాకి వెనక కొయ్య, మడమ ఒక్కటే. చచ్చేముందు చెంచయ్య చేతిలో కొయ్య తుపాకి ఉండాది. నీ బామ్మర్ది నువ్వు నేర్పినట్ల చేతులే చూసినాడు. నువ్వు నేర్పినట్లే కాల్చినాడు. ముందుగా పరిగెత్తినవాడు తుపాకి తీసి కర్ర పెట్టినాడు. పరిగెత్తింది నువ్వే గురవయ్యా."

గురవయ్య తలపాగా తీసి మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు.

"రేపు పోలీసు దొర వస్తాడు సార్, డ్రిల్ చూడను. ఏ బొమ్మ ఏడ లేస్తాదో పిల్లోళ్ళకు కంఠతా వచ్చేసింది. కళ్ళు మూసుకొని కొడతాండారు. మనిషైతే నిజంగా కదులుతాడని... కూలీ ఇస్తా, లేచి గురి పెట్టమన్నా."

"తుపాకిలో?"

"గుండు లేని ఉత్త తూటా పెట్టినాననుకున్నా. రెండు రకాలూ ఒకే సంచిలో వేసుకొని పోయినా. పేలంగానే తెలిసిపోయింది. ఆ చప్పుడు వేరే."

"ఆ కొయ్య ఏడ ఉండాది?"

గురవయ్య భార్య వైపు చూడకుండా చెప్పాడు. "పొయ్యిలో పెట్టినా. రాత్రి అన్నం వండిన పొయ్యిలోనే."

వెంకటసుబ్బులమ్మ గోడ పక్కన కూర్చుని, ఆ అన్నం వండిన చేతుల్ని చూసుకుంది.

"నన్ను ఉరికి పంపేవాడివా బావా?" నరసింహులు అడిగాడు. కోపంగా కాదు. నిజంగా తెలుసుకోవాలన్నట్టు.

"దొర చూసిపోయినాక చెబుదామనుకున్నా రా."

"లేచి నిలబడమంటే నిలబడినాడా మావోడు?" ఎల్లమ్మ అడిగింది.

ఆదినారాయణ గొలుసు విప్పించాడు. అది నరసింహుల చేతుల నుంచి గురవయ్య చేతులకు మారింది. వాఙ్మూలం ఇవ్వడానికి నరసింహులు కూడా వాళ్ళ వెంటే నడిచాడు. బావకు ఒక అడుగు వెనకగా. ఎల్లమ్మ దుమ్ములో అటువైపు చూస్తూ చాలాసేపు నిలబడి, గుట్టల దిక్కు వెళ్ళిపోయింది.

లోపల ముసలమ్మ కొడుకు పేరు పెట్టి ఏడుస్తోంది.

వెంకటసుబ్బులమ్మ లేచింది. గోడ పట్టుకుని గడప దాటి లోపలికి పోయింది. శేషమ్మ వెనకాలే కదిలింది.

"అమ్మా."

వెంకటసుబ్బులమ్మ తిరిగింది. రెండు చేతులూ రెండు తలుపుల మీద ఉన్నాయి.

"నా తమ్ముణ్ణి నిలబెట్టినావు. తప్పు చేసినావని అనను శేషా," అంది. "కానీ ఇప్పుడు నీ మొగం చూడలేను."

తలుపులు దగ్గరికి వచ్చాయి. లోపల గడియ పడింది.