నల్లోడు నాకని చెయ్యి

కుక్క మనిషిని ఎందుకు నాకుతుందని ఎవరినైనా అడిగి చూడండి. ప్రేమ అంటారు, విశ్వాసం అంటారు, పెట్టిన ముద్ద గుర్తుండి అంటారు. కళింగపట్నానికి ఉత్తరంగా, సముద్రం ఒడ్డున, దిబ్బలపేట అనే జాలర్ల పేట ఒకటుంది. అక్కడ అడిగితే మాత్రం మిమ్మల్ని ఎగాదిగా చూసి "ఉప్పుకి" అంటారు. మనిషికి చెమట పడుతుంది, చెమటలో ఉప్పుంటుంది, కుక్కకి ఉప్పంటే ఇష్టం. ఇందులో అడగడానికేముందని వాళ్ళ ధోరణి.

ఆ పేటలో నల్లోడని ఒక ముసలి కుక్క ఉండేది. ఒక చెవి సగం తెగిపోయింది, పళ్ళు చాలామటుకు ఊడిపోయాయి, సిగ్గు మాత్రం పుట్టినప్పటినుంచీ లేదు. వల లాగి కూలబడ్డవాళ్ళ పిక్కలు, చేపలు ఎండబెట్టే ఆడవాళ్ళ మోచేతులు, ఏడ్చే పిల్లల బుగ్గలు... దొరికిందల్లా నాకేది. తిట్టేవాళ్ళు తిట్టేవారు, తన్నేవాళ్ళు తన్నేవారు. అయినా దాన్ని పేట దాటి పోనిచ్చేవారు కాదు. దానితో అవసరం ఉంది.

సముద్రం మీద మూడు రాత్రులు చిక్కుకుపోయి తిరిగొచ్చిన మనిషిని అక్కడ తిన్నగా ఇంటికి రానివ్వరు. తెప్పల దగ్గరే ఆపేసి, ఇసకలో తెడ్డుతో గీత గీస్తారు. మంచినీళ్ళతో అతని చేతులు కడిగి, ఎండలోనో మంట దగ్గరో నిలబెట్టి, చెమట పట్టాక నల్లోణ్ణి వదులుతారు. నాకిందా, మనిషే. భుజం మీద చెయ్యేసి తీసుకెళతారు. నాకలేదా... మునిగినవాడి ఒంట్లోని ఉప్పంతా సముద్రం లాగేసుకుంటుందనీ, ఉప్పు లేకుండా లేచొచ్చేది మనిషి కాదనీ, దీపాల వేళలోపు దాన్ని మళ్ళీ నీళ్ళలోకి తోలెయ్యాలనీ పెద్దల మాట. ఎప్పుడైనా ఎవరినైనా అలా తోలారా అని అడిగితే, అందరూ వలలు బాగుచేసుకోవడంలో పడిపోతారు.

అరవై ఎనిమిదో సంవత్సరం ఆశ్వయుజంలో, చెప్పాపెట్టకుండా గాలివాన కొట్టింది. ఆ పొద్దున దాలమ్మ మొగుడు లక్ష్ముడు, ఆమె అన్న గంగులు ఒకే తెప్ప మీద వేటకెళ్ళారు. రెండోనాడు గంగులు ఒక్కడే, దుంగ పట్టుకుని ఒడ్డుకి కొట్టుకొచ్చాడు.

"బావ మునిగిపోనాడే అమ్మీ," అన్నాడు. "ఈ కళ్ళతోటే సూసినాను."

"నీ కళ్ళల్లో ఉప్పునీళ్ళు పడుంటాయి," అంది దాలమ్మ. ఏడవలేదు. గాజులు తియ్యనివ్వలేదు. రోజూ రెండు పూటలా మొగుడి వాటా గంజి విడిగా తీసి మూతపెట్టింది. ఆమెకి పాతికేళ్ళు లేవు. అయిదేళ్ళ అసిరి ఒక్కతే కూతురు. లక్ష్ముడంటే ఆమెకి పిచ్చి. పెళ్ళయి ఏడేళ్ళయినా పేటలో అందరూ దాన్ని పట్టుకుని వెక్కిరించేవారు.

అయిదోనాడు మధ్యాహ్నం, ఆకాశం నల్లగా దిగిపోయి తుంపర పడుతోంది. అసిరి బయటినుంచి ఒక్క కేక పెట్టింది.

"అమ్మా! అయ్యొచ్చినాడే!"

దాలమ్మ ఎలా పరిగెత్తిందో ఆమెకే తెలీదు.

లక్ష్ముడు తెప్పల పక్కన నిలబడి ఉన్నాడు. నడుముకి గోచీ, ఒళ్ళంతా పాలిపోయిన తెలుపు, వేళ్ళ చివర్లు నానిపోయి ముడతలు. పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. అప్పటికే గీత గీసేశారు. గీతకి ఇవతల కులపెద్ద కూర్మయ్య, గంగులు, మరో పదిమంది తెడ్లు అడ్డం పట్టుకుని ఉన్నారు. గంగులు బావ మొహంలోకి చూడలేక ఇసకలోకి చూస్తున్నాడు.

చేతులు కడిగారు. మంట వేశారు గానీ తడి కట్టెలు పొగే తప్ప మండలేదు. నల్లోణ్ణి వదిలారు.

కుక్క తోక ఊపుకుంటూ వెళ్ళింది. లక్ష్ముడి చేతి దగ్గర ముక్కు పెట్టింది. తోక ఆగిపోయింది. మొరగలేదు, గుర్రుమనలేదు. వెనక్కి వెనక్కి అడుగులేసుకుంటూ వచ్చి కూర్మయ్య కాళ్ళ సందున దూరింది.

తెడ్లు పట్టుకున్నవాళ్ళు ఒక అడుగు ముందుకేశారు.

"ఈ వానలో సెమటెలాగ పడతాది మావా?" అని అరిచింది దాలమ్మ. "సలికి సచ్చిపోతన్నాడు, సూడు! నీకు పట్టిందేటి సెమట?"

కూర్మయ్య తన చెయ్యి కిందికి చాపాడు. నల్లోడు ఆ చేతిని ఆత్రంగా నాకింది.

"నాకూ పట్టలేదమ్మీ," అన్నాడు మెల్లిగా. "అయినా నాకినాది. నీ గుండె కోత నాకు తెల్దా? ఆడు నా సేతుల్లో పెరిగినోడు. దీపాల వేళ దాకా సూద్దాం. ఆపైన నన్నడక్కు."

గీత అవతలి నుంచి లక్ష్ముడు మొదటిసారి నోరు విప్పాడు.

"దాలమ్మా... సలేస్తన్నాదే."

అదే గొంతు. ఆ గొంతు వినడం కోసం అయిదు రోజులు ఆమె ఏ దేవుడికి ఏం మొక్కుకుందో లెక్కలేదు. ఇప్పుడు విన్నాక, తెడ్లతో పొడిచి నీళ్ళలోకి తోస్తుంటే చూస్తూ నిలబడాలా? ఆమె వల్ల కాదు. ఎవరి వల్ల అవుతుంది?

అసిరి రెక్క పట్టుకుని ఇంటికి లాక్కెళ్ళింది. పెరట్లో చేపలు ఊరేసే గోలెం ఉంది. మూత తీసి, పిల్ల రెండు చేతులూ మణికట్ల దాకా ఆ ఉప్పునీళ్ళలో ముంచింది. అడుగునున్న రాళ్ళుప్పు తీసి అరచేతులకి రుద్దింది. వేలి మీద చిన్న గీరుంటే అది మండి పిల్ల ఏడ్చింది.

"ఊరుకో తల్లీ. సేతులు గౌనులో దాసుకో. తిన్నగా ఎల్లి అయ్య సేతులు అట్టుకో. గట్టిగా అట్టుకో. నాను రమ్మనేదాకా ఇడవకు."

అయిదేళ్ళ పిల్ల తెడ్ల కిందనుంచి దూరి గీత దాటిపోతుందని ఎవరూ అనుకోలేదు. కూర్మయ్య "ఒసే, ఒసే" అనేలోపు అది తండ్రి రెండు చేతులూ పట్టేసుకుంది. లక్ష్ముడు కిందికి వంగి కూతురి వైపు చూశాడు. వణకడం మానేశాడు.

"ఇంకొక్కపాలి ఇడవండి నల్లోణ్ణి!" అని దాలమ్మ ఇసకలో సాష్టాంగపడింది. "ఒక్కపాలి! కాళ్ళకి మొక్కుతాను!"

పిల్ల అవతల ఉంది. తెడ్లు విసరడానికి లేదు. కూర్మయ్య కుక్కని కాలితో తోశాడు.

నల్లోడు వెళ్ళింది. పెనవేసుకున్న ఆ నాలుగు చేతుల దగ్గర చాలాసేపు ముక్కు పెట్టింది. తర్వాత నాకింది... ఒకసారి. మళ్ళీ ఒకసారి.

"నాకినాది!" అని గంగులు ఏడుస్తూ గీత మీద పడి చెరిపేశాడు. తుంపరలో, పదడుగుల దూరంలో, ఎవరి చెయ్యి నాకిందో ఎవరు చూడొచ్చారు? దాలమ్మ చూసింది. కుక్క చిన్న వేళ్ళనే నాకింది. వాటి మధ్యనున్న పెద్ద వేళ్ళని ఒక్కొక్కటే తప్పించుకుంటూ నాకింది.

ఆమె ఎవరికీ చెప్పలేదు.

ఇంటికి తెచ్చి పొడిగుడ్డ కప్పింది. గంజి పెడితే ముట్టుకోలేదు. పోనీలే, ఒళ్ళు వెచ్చబడితే అదే తింటాడనుకుని పొయ్యి ముందు కూర్చుని ఊదుతోంది. అసిరి తండ్రి ఒళ్ళో ఎక్కి కూర్చుని కిలకిల నవ్వుతోంది. బయట వాన పెరిగింది. గుడిసెలో పొగవాసన, తడివాసన... వాటి కింద నాచువాసన ఒకటి, కొంచెం కొంచెంగా.

వెనకనుంచి చప్పుడు.

తడి చప్పుడు. కుక్క గంజి తాగుతున్నట్టు.

దాలమ్మ తిరిగి చూసింది. లక్ష్ముడు కళ్ళు మూసుకుని పిల్ల అరచేతులు నాకుతున్నాడు. వేళ్ళ సందుల్లో. మణికట్ల దగ్గర. తొందరేం లేదు అతనికి.

"గిలిగింతలు అయ్యా!" అంటోంది అసిరి.

ఆమె లేవాలి. పిల్లని లాక్కోవాలి. లేవలేదు. ఉప్పునీళ్ళు కదా, అయిదు రోజుల ఆకలి కదా అని తనకి తాను నచ్చజెప్పుకుంది. ఇంతలో అతని మొహంలో రంగు వచ్చింది. పెదాలు ఎర్రబడ్డాయి. నుదుటి మీద సన్నగా చెమట పట్టింది. కళ్ళు తెరిచి, మునపటిలాగే ఓరగా నవ్వి, "గంజి ఇలాగ తేవే, ఆకలి దంచేస్తన్నాది," అన్నాడు. దాలమ్మ అప్పుడు ఏడ్చింది. అయిదు రోజుల ఏడుపూ ఏడ్చింది. పిల్ల నవ్వు ఎప్పుడు ఆగిపోయిందో గమనించలేదు.

తెల్లారి ఎండ కాసింది. లక్ష్ముడు అరుగు మీద కూర్చుని ఉంటే నల్లోడు తనంతట తనే వచ్చి అతని చేతులు, కాళ్ళు, మోకాళ్ళు ఆబగా నాకింది. కూర్మయ్య వచ్చి చూసి, "తప్పయిపోనాది నాయినా, మనసులో ఎట్టుకోకు," అని కళ్ళు తుడుచుకున్నాడు. లక్ష్ముడు పకపకా నవ్వాడు. నిక్షేపంలాంటి మనిషి.

అప్పుడు అసిరి గుమ్మంలోకి వచ్చింది. అలవాటుగా కుక్క ముందు చెయ్యి పెట్టింది.

నల్లోడు వాసన చూసింది. తోక ఆగిపోయింది. వెనక్కి వెనక్కి అడుగులేసుకుంటూ వెళ్ళి లక్ష్ముడి కాళ్ళ వెనక దూరింది.

కూర్మయ్య నవ్వు ఆగిపోయింది.

దాలమ్మ పిల్లని లోపలికి లాగి తలుపు గడియ పెట్టింది. పిల్ల అరచెయ్యి తన నోటి దగ్గరికి తెచ్చుకుని నాకింది. ఏమీ లేదు. మెడ కింద నాకింది. నుదురు నాకింది. చెవుల వెనక నాకింది. పిల్ల ఒళ్ళు వానలో తడిసిన రాయిలా చల్లగా, చప్పగా ఉంది.

"దాలమ్మా," తలుపు అవతల కూర్మయ్య గొంతు. "గుంటని ఒకపాలి ఇటు తేవే. ఊరికే... సూస్తాను."

తెడ్డు ఇసకలో గీసుకుంటున్న చప్పుడు వినిపించింది. లక్ష్ముడు అరుగు మీదనుంచి లేవలేదు.

దాలమ్మ గోడకి చేరగిలబడి కూర్చుంది. ఒంటినిండా చెమట. చేతులమీదుగా ధారలు కట్టి కారుతోంది. అసిరి ఆ చేతుల వైపే చూస్తోంది. రాత్రినుంచీ ఒక్క మాట మాట్లాడలేదు పిల్ల. దగ్గరికి వచ్చి, తల్లి కుడిచెయ్యి రెండు చేతులతో పట్టుకుని, మెల్లిగా నాలుక చాపింది.

నాలుక మంచులా ఉంది. చెయ్యి మొద్దుబారిపోతోంది... వేళ్ళు, మణికట్టు, మోచెయ్యి...

దాలమ్మ చెయ్యి వెనక్కి తీసుకోలేదు. పిల్ల బుగ్గల్లోకి రంగు వస్తోందా అని చూస్తూ, ఎడమచెయ్యి కూడా చాపింది.