లోయ మీద గళ్లు

వాగులోంచి వ్యాను తీయించాలి. తమ్ముడి శవాన్ని అక్కకు అప్పగించాలి. రాడార్ గదిలో కంప్యూటర్లు సీజ్ చేయాలి. చీకటి పడేలోగా ఆ అక్కనే అరెస్టు చేయాలి.

ఆ ఉదయం ఇన్‌స్పెక్టర్ నెత్తిన ఉన్న పనులివి.

లోయలో వంతెన దాటుతున్న పాల వ్యానును వరద ఈడ్చుకుపోయింది. నడుపుతున్నది తమ్ముడు. అంతకు కాసేపటి ముందే వాతావరణ కేంద్రానికి ఫోన్ చేశాడు. డ్యూటీలో ఉన్నది అతని అక్క. దాటమంది. నిర్లక్ష్యం కింద కేసు కట్టమని పైనుంచి ఒత్తిడి.

“ఏమన్నాడమ్మా?” ఇన్‌స్పెక్టర్ అక్కను అడిగాడు.

“‘అక్కా, కొండ మీద నల్లగా ఉంది, దాటొచ్చా?’ అన్నాడు.”

“మీరు?”

“‘పిరికి సన్నాసీ, నాలుగు చినుకులకే జంకుతావేంట్రా, దాటు’ అని నవ్వాను.” ఆమె తెర మీది బొమ్మలవైపు వేలు చూపింది. “ఉపగ్రహం, రాడార్ రెండూ చినుకులే అన్నాయి సార్. రెంటినీ పోల్చి చూడటమే నా పని. పోల్చాను.”

ఇన్‌స్పెక్టర్ రెండు బొమ్మలనూ పక్కపక్కన పెట్టించాడు. ఒకటి, పైనుంచి మేఘాలను చూసి ఉపగ్రహం వేసిన అంచనా. రెండోది, నేల మీద నుంచి రాడార్ కొలిచిన వాన. లోయ దగ్గర రెండూ అచ్చు గుద్దినట్టున్నాయి.

అదే అతనికి మింగుడుపడలేదు. ఇద్దరు సాక్షులు పొల్లుపోకుండా ఒకే మాట చెప్పారంటే, ఎవరో నేర్పించి ఉంటారు.

రాడార్ ఇంజనీర్‌ను పిలిపించాడు.

“మీ బొమ్మంతా ఆవాలు చల్లినట్టు సన్న చుక్కలు. లోయ మీద మాత్రం ఇంతింత గళ్లేంటి? ఈ గళ్లు ఉపగ్రహం బొమ్మలోవి కదా?”

ఇంజనీర్ కిటికీలోంచి బయటికి చూపించాడు.

“రాడార్‌కి ఎదురుగా కొత్త భవనం లేచింది సార్. అటువైపు దానికేమీ కనపడదు. ఖాళీ ఉంటే పైవాళ్లు గోల చేస్తారని, ఆ ముక్కలో ఉపగ్రహం అంచనానే అతికించాం.”

“ఈమెకు చెప్పారా?”

“అందరికీ తెలుసనుకున్నాం.”

అంటే సాక్షి ఒక్కడే, ఆ ఉపగ్రహం. వాడూ మేఘం నెత్తి చూశాడే గానీ, కింద కొండ మీద కుమ్మరిస్తున్న వానను చూడలేదు.

“తప్పు మీది కాదమ్మా. మీ మీద కేసు నిలవదు.”

ఆమె తలెత్తింది.

“నల్లగా ఉందని వాడు కళ్లారా చూసి చెప్పాడు సార్. నేను వినలేదు. దానికి సెక్షన్ ఏదైనా ఉందా?”

ఇన్‌స్పెక్టర్ టోపీ తీసి చేతుల్లో తిప్పాడు. ఎవరి మీద కేసు రాసినా ఒక పని మాత్రం తప్పదు. శవాన్ని అక్కకు అప్పగించాలి.

అప్పగించాడు.

మీ వాళ్లెవరైనా దారిలో ఆగి, దాటొచ్చా అని ఫోన్ చేస్తే, ముందు ‘నీకక్కడ ఏం కనిపిస్తోంది’ అని అడగండి. అడిగేటప్పుడు ఆ పాల వ్యాను తమ్ముణ్ణి ఒక్కసారి తలచుకోండి.