ఫిరంగి దించిన ట్యాంకు

పొద్దున్నే ఆ ఇంట్లో రెండు టీలు రెండు చోట్ల చల్లారుతున్నాయి. వంటగది గట్టు మీదున్నది కూతురిది, వరండాలో పిట్టగోడ మీదున్నది తండ్రిది. మధ్యలో తల్లి, ఒక చేత్తో ప్రయాణపు సంచీ సర్దుతూ ఇద్దరి మాటలూ అటూ ఇటూ మోస్తోంది. రెండు నెలలుగా ఆవిడకి ఇదే ఉద్యోగం, జీతం లేదంతే.

"అమ్మా, నా నల్ల బూట్లు ఎక్కడున్నాయో నాన్ననడుగు."

"పాలిష్ చేసి గుమ్మం పక్కన పెట్టానని చెప్పు" అన్నాడు తండ్రి వరండాలోంచి.

"ఇద్దరికీ చెవులు లక్షణంగా పనిచేస్తున్నాయి. ఇక మధ్యలో నేనెందుకట?" అంది తల్లి.

ఆయన క్రేన్ ఆపరేటరు. కట్టే భవనాల పక్కన అంత ఎత్తున కూర్చుని, జీవితమంతా బరువులెత్తి దించినవాడు. ఇంటికొస్తే మాత్రం అరచేతిలో పట్టే ప్లాస్టిక్ ట్యాంకులే లోకం. అందులోనూ ఒకటంటే ప్రాణం. విమానం పొట్టలో పెట్టుకుని మోసుకుపోయేంత తేలికైన బుల్లి యుద్ధ ట్యాంకు అది. పెట్టెలో వచ్చిన కాగితం చూసి అచ్చు అలాగే చేస్తే ఏం మజా? అందుకని కూతురు చిన్నప్పుడే ఇద్దరూ కలిసి ఒక ఆట కనిపెట్టారు. దాని పేరు 'ఇలా అయ్యుంటే'.

ఈ ట్యాంకు మంచులో దిగి ఉంటే? కింద జారుడు చెక్కలు పెట్టేవారు. యుద్ధమే రాకపోయి ఉంటే? వెనక నాగలి తగిలించేవారు. నియమం మాత్రం ఒక్కటే. బరువు పెరిగితే విమానం లేవదు కాబట్టి, ఒకటి ఎక్కిస్తే ఒకటి దించాలి. ఒకసారి ఆ పిల్ల, "అమ్మకి ఇందులో కుట్టుమిషను పెడదాం" అంది. "మరి ఏం దించుతావే?" అని తండ్రి అడిగితే, ఏమాత్రం ఆలోచించకుండా "నిన్ను" అంది. ఆ మాట చెప్పుకుని ఆ ఇంట్లో ఏళ్ళ తరబడి నవ్వుకున్నారు.

అలాంటి పిల్ల పెద్దదై, చల్లటి గదిలో కూర్చుని భవనాల నక్షాలు గీసే ఉద్యోగం తెచ్చుకుంది. తండ్రి ఆ సంగతి పనిచోట చెప్పని మనిషి లేడు. రెండు నెలల కిందట ఆ ఉద్యోగం మానేసి, అంబులెన్సు నడుపుతానంది. "ఆ బండెక్కితే నాతో మాట్లాడకు" అన్నాడాయన. ఎక్కింది. మాట వెనక్కి తీసుకుంటే నామోషీ అని ఆయన, ముందు పలకరిస్తే లోకువ అని కూతురు. మొండితనంలో తండ్రీకూతుళ్ళది ఒకటే అచ్చు.

ఈ రోజు మధ్యాహ్నం బస్సుకి ఆ పిల్ల వెళ్ళిపోతోంది. కొండల మీద ఆసుపత్రిలో అంబులెన్సు డ్యూటీ వేశారు. మాటామంతీ లేకుండా ఇలాగే గడప దాటితే, ఈ మౌనం ముదిరి రాయైపోతుందని తల్లి భయం.

ఇక తల్లి సంగతి. ఆవిడ బట్టలు కుడుతుంది. బస్సులో ముక్కూ మొహం తెలియని మనిషి చొక్కాకి గుండీ వేలాడుతున్నా ఆవిడ చేతులు దురద పెడతాయి. కొంప ముంచింది ఆ గుణమే.

ఈ పొద్దున ఆయన స్నానానికి వెళ్ళినప్పుడు, ట్యాంకులు చేసుకునే బల్ల తుడుద్దామని వెళ్ళింది. బుల్లి ట్యాంకు తెల్లరంగులో తడితడిగా ఉంది. ఫిరంగి ఉన్న పై గూడు ఊడి పక్కన పడి ఉంది. పైన కప్పులో కంత బోసిగా ఉంది, అందులోకి తొంగిచూడాలని ఆవిడకి తోచలేదు. పాపం, మనసు బాగోక వదిలేసినట్టున్నాడు, అతికించి పెడితే సంతోషిస్తాడు, ఆ ఊపులో పిల్లనీ పలకరిస్తాడు అనుకుంది. అనుకున్నదే తడవు, సీసాలోని జిగురు దండిగా పూసి, గూడు గట్టిగా అదిమి కూర్చోబెట్టింది.

ఆయన తువ్వాలుతో తల తుడుచుకుంటూ వచ్చి, అక్కడే నిలబడిపోయాడు.

"ఎవరు ముట్టుకున్నారిది?"

"నేనే. ఊడిపోతే అతికించాను."

"ఊడలేదే. నేనే తీశాను." గొంతు జీరబోయింది. "ఇది ప్లాస్టిక్కుని కరిగించి పట్టే జిగురు. ఇంక రాదు. అయిపోయింది."

తల్లికి దుఃఖం, కోపం కలిసే వచ్చాయి. "బొమ్మకి ఇంత బాధ పడతారే. కడుపున పుట్టింది ఇల్లు విడిచి పోతుంటే నోరు పెగల్లేదు, ప్లాస్టిక్కు ముక్కకి గొంతు బొంగురుపోయిందా? మీ ఇద్దరి మాటలూ మోసి మోసి అలిసిపోయాను. రేపట్నుంచి మోయడానికి ఆ మాటలు కూడా ఉండవు" అని కొంగు నోట్లో కుక్కుకుంది.

ఒక కాలికి బూటుతోనే వచ్చింది కూతురు. ట్యాంకుని అంచులు పట్టుకుని జాగ్రత్తగా ఎత్తి, కిటికీ వెలుగులో అటూ ఇటూ తిప్పింది. పక్కన అతికించిన, అంబులెన్సు మీదుండే చిన్న ఎర్ర ప్లస్ గుర్తు చూసి, ఆమె వేళ్ళు ఆగాయి.

"అమ్మా, సన్న రంపం ఇమ్మను."

"నేను మొయ్యను" అంది తల్లి, మొహం గోడవైపు తిప్పుకుని.

కూతురు చాపిన చెయ్యి దించలేదు. ఆయనే సొరుగు లాగి, రంపం తీసి, ఆ చేతిలో పెట్టాడు.

"కింద పట్టుకో నాన్నా, చక్రాల గొలుసు విరుగుతుంది."

ఆయన పట్టుకున్నాడు. ఆమె కోసింది. గూడు వచ్చేసింది. లోపల అగ్గిపుల్లల మీద గుడ్డపేలిక బిగించిన రోగి మంచం, దాని పక్కన గోరంత మందులపెట్టె. ముందు సీట్లో బియ్యపుగింజంత మనిషి, వీపు మీద నల్లటి జడ.

"అది నా దారం" అంది తల్లి, దగ్గరికొచ్చి తొంగిచూసి. "ఉండ ఎలా తరిగిపోతోందా అనుకుంటున్నాను."

"కొండల్లో రోడ్డు తెగిపోతే అంబులెన్సు వెళ్ళలేదు కదా" అన్నాడాయన, బొమ్మకి చెబుతున్నట్టు. "విమానంలోంచి దింపేది అయ్యుంటే, వెళ్తుంది. నీ బస్సు వేళకి రంగు ఆరుతుందనుకున్నా."

"ఇచ్చి ఏం చెప్పేవాడివి?"

"చెప్పలేకే కదే, చేశాను." ఆయన కళ్ళు నిండాయి. "పై నుంచి పడ్డ మనిషిని ఒకసారి నేను దగ్గరగా చూశాను. వారం రోజులు అన్నం సయించలేదు. నువ్వు రోజూ అవే చూస్తావని భయమేసింది. భయమని చెప్పడం చేతకాక కోప్పడ్డాను."

కూతురు ముక్కు తుడుచుకుంది. "మంచం ఎక్కించావు, మందులు ఎక్కించావు. ఏం దించావు?"

"ఫిరంగి."

"సరిపోదు. విమానం లేవదు."

"ఆ రోజు అన్న మాట కూడా దించేశానే బుడ్డీ" అన్నాడు. ఆమె ఆయన భుజం మీద తల పెట్టి వెక్కివెక్కి ఏడ్చింది.

మధ్యాహ్నం ఆయన సంచీ పట్టుకున్నాడు, ఆమె ట్యాంకుని అరచేతిలో పట్టుకుంది. కోసినచోట అంచు గరుకుగా ఉంది, ఆకురాయి పెడతానన్నాడాయన. వద్దంది. "ఉండనీ నాన్నా, అమ్మ చెయ్యి పడ్డ గుర్తు." గడప దిగుతూ, అలవాటు కొద్దీ వెనక్కి తిరిగి, "అమ్మా, నాన్న మందులు మానకుండా..." అని మొదలుపెట్టింది.

"నువ్వే చెప్పుకో తల్లీ. మీ మాటలు మీరే ఎక్కించుకున్నారు, నేను దిగిపోయాను" అంది తల్లి.

వాళ్ళిద్దరూ మాట్లాడుకుంటూ వీధి మలుపు తిరిగేదాకా చూసి లోపలికొచ్చింది. బల్ల మీద ఫిరంగి గూడు ఒంటరిగా పడి ఉంది. ఆవిడ చేతులు ఎప్పటిలా దురద పెట్టాయి. దాన్ని తీసి, కాసేపు చూసి, పాత గుండీలు దాచుకునే డబ్బాలో వేసి మూత పెట్టింది. ఆ డబ్బాలోకి చేరినవాటిలో, మళ్ళీ ఎక్కడా కుట్టక్కర్లేనిది అదొక్కటే.