పదకొండు మందితో నడిచిన లాండ్రీ

"ఆ చెయ్యి తియ్యి అమ్మడూ, మళ్లీ ముడత పడుతుంది."

కూతురు కాలర్ మీంచి చెయ్యి తీసింది. ఇరవై ఆరేళ్లొచ్చినా ఆమె ఆఫీసు బట్టలు నాన్నే ఇస్త్రీ చేస్తాడు. ప్రభుత్వ ఆసుపత్రి లాండ్రీకి మేస్త్రి ఆయన. ముడత కనిపిస్తే ఊరుకోలేడు.

"నిన్న దుప్పటి మడతలో ఏం దొరికిందో తెలుసా? పళ్ల సెట్టు! పట్టుకెళ్లి ఇస్తే ఆ పెద్దాయన ముందు అది పెట్టుకుని, ఆ తర్వాత నవ్వాడు. అప్పటిదాకా ఆపుకున్నాడు పాపం."

రోజూ ఇలాంటిదేదో చెబుతాడు. రోజూ ఆమె నవ్వుతుంది. ఇవాళ నవ్వలేదు.

"కవర్లు తెరిచేది ఇవాళేగా నాన్నా?"

"పదింటికి. పద్దెనిమిది మంది కావాలని రాశాం. ఉన్నమాటే రాశాం. ఉతికేముందు దుప్పట్లు దులిపి వెతకడానికి ఇద్దరెందుకని అడుగుతారేమో. అడగనీ, పళ్ల సెట్టు సంగతి చెప్తా."

ఆ ఏడాది ప్రభుత్వం కొత్త పద్ధతి పెట్టింది. లాండ్రీ సొంత పనివాళ్ల చేతిలో ఉండాలా, బయటి కంపెనీకి పోవాలా అన్నది పోటీలో తేలాలి. ఏళ్ల తరబడి చేస్తున్న పనికే పనివాళ్లు కూడా బయటివాళ్లలాగే సీలు కవర్ ఇచ్చుకోవాలి. ఎంతమందితో చేస్తారో, ఎంతకు చేస్తారో అందులో రాయాలి. ఓడితే పద్దెనిమిది మందీ ఇంటికే.

మేస్త్రికి తెలియనిదొకటుంది. అవతలి కవర్ ఆయన కూతురు పనిచేసే కంపెనీది. అందులో మనుషుల సంఖ్య వేసింది ఆయన కూతురే.

రెండు నెలల కిందట బాస్ అడిగాడు. "ఆ లాండ్రీని ఎంత తక్కువమందితో నడపొచ్చు?" ఆమె తడుముకోకుండా చెప్పేసింది. చిన్నప్పట్నుంచి భోజనాల దగ్గర వందసార్లు విన్న కథ అది. 'ఓసారి జ్వరాలొచ్చి ఏడుగురు మంచాన పడితే, పదకొండు మందిమే తొమ్మిది రోజులు లాగించేశాం!' బాస్ అందరి ముందూ చప్పట్లు కొట్టాడు. ఆ చప్పట్లు బాగున్నాయి. ఇంటికొచ్చాక చెప్పాలనుకుంది. రేపు, ఎల్లుండి అనుకుంటూనే ఇవాళ్టిదాకా లాగింది.

పదింటికి ఆసుపత్రి సమావేశం గదిలో అధికారి మొదటి కవర్ చించాడు. "సొంత పనివాళ్లు. పద్దెనిమిది మంది." రెండోది చించాడు. "కంపెనీ. పదకొండు మంది." కళ్లజోడు సర్దుకుని కింద వాక్యం చదివాడు. "ఈ లాండ్రీ గతంలో పదకొండు మందితో తొమ్మిది రోజులు సక్రమంగా నడిచింది."

మేస్త్రి ఉలిక్కిపడ్డాడు. ఆ సంగతి ఏ రిజిస్టర్లోనూ లేదు. మంచాన పడ్డవాళ్ల జీతం కొయ్యకుండా ఆ తొమ్మిది రోజులూ హాజరు వేసింది తనే. ఇక ఆ మాట బయటికి పోయిన దారి ఒక్కటే, తన ఇంటి భోజనాల దగ్గర్నుంచి.

పని కంపెనీకేనని అధికారి ఫలితం చదివాడు. అభ్యంతరాలకు వారం గడువన్నాడు. మేస్త్రికి ఏమీ వినిపించలేదు.

సాయంత్రం కూతురు ఇంటికొచ్చేసరికి ముందుగదిలో ఇద్దరు కూర్చునున్నారు. నాన్న, లాండ్రీలో దుప్పట్లు సాపు చేసే వేడి రోలర్ మీద పనిచేసే ఇస్త్రీ బాబాయ్.

"రా తల్లీ," అన్నాడు బాబాయ్. "మన కథకి ఆఫీసులో మంచి గిరాకీ ఉందటగా?"

ఆమె చెప్పులు కూడా విప్పలేదు. "నేను చెప్పకపోతే ఇంకెవరో చెప్పేవాళ్లు బాబాయ్."

"మా పనివాళ్లకి తప్ప ఇంకెవరికి తెలుసే?" నాన్న గొంతు పెరిగింది. "నీకు అన్నం తినిపిస్తూ చెప్పిన కథ అది!"

"గొప్పగా చెప్పారు కాబట్టే నమ్మాను! అబద్ధమా అది? పదకొండు మందితో నడవలేదా?"

బాబాయ్ కుడిచెయ్యి చాపాడు. మూడు వేళ్లు అరచేతిలోకి ముడుచుకుపోయి ఉన్నాయి. ఊహ తెలిసినప్పట్నుంచీ ఆమె చూస్తున్న చెయ్యే. ఎలా అయిందని ఎప్పుడూ అడగలేదు.

"నడిచింది. తొమ్మిదో రోజు రోలర్ దగ్గర నిలబడే నిద్రపోయా," అన్నాడు మామూలుగా. "కథలో ఇది చెప్పద్దని మీ నాన్నకి నేనే చెప్పా. పిల్ల దడుచుకుంటుందని."

ఆమె గుమ్మం దగ్గరే కూలబడింది.

"అభ్యంతరం రాయండి నాన్నా. వారం ఉందిగా."

"ఆ సంఖ్య ఎక్కణ్నుంచొచ్చిందో రాయాలి. నీ పేరు రాయాలి. నేను రాయను."

"మిగతావాళ్లు?"

"అందరం అనుకున్నాం," అన్నాడు బాబాయ్. "మా చేతుల్లో పెరిగిన పిల్ల మీద ఎలా రాస్తాం?"

తిట్టుంటే తట్టుకునేది. ఆమె వెక్కివెక్కి ఏడ్చింది. ఏడ్చి లేచి, సంచిలోంచి కాగితం, పెన్ను తీసింది.

"ఉద్యోగం పోతుందే," అన్నాడు నాన్న.

"మీ అందరిదీ పోతోంది."

నేలమీద కూర్చుని రాయడం మొదలుపెట్టింది. ఆ సంఖ్య ఇచ్చింది తానేనని రాసింది. ఇంట్లో విన్న మాటని నిజానిజాలు కనుక్కోకుండా ఇచ్చానని రాసింది. 'పదకొండు మంది' అని రాస్తుండగా నాన్న వేలు ఆ మాట మీద ఆగింది.

"పదకొండు కాదమ్మడూ. పది."

"అన్నా, ఇప్పుడవన్నీ ఎందుకు?" అన్నాడు బాబాయ్.

"రాయనీరా." మేస్త్రి కూతురి పక్కనే చతికిలబడ్డాడు. "మీ అమ్మ చివర్లో పై వార్డులో ఉన్న రోజులవి. నువ్వు పిన్ని దగ్గరున్నావు. చూసేవాళ్లని గంటసేపే రానిచ్చేవారు. దుప్పట్ల ట్రాలీని మాత్రం ఎవరూ ఆపరు. తొమ్మిది రోజులూ నేను ట్రాలీ పట్టుకుని పైనే ఉన్నా. నా మిషన్ కూడా వీడే చూశాడు. అందుకే నిద్ర చాల్లేదు వీడికి. ఆ వార్డుకి వెళ్లిన దుప్పట్లలో ఒక్క ముడత లేకుండా చూశారు వీళ్లు. పదకొండోవాణ్ని నేను. నేనసలు పనే చెయ్యలేదు."

ఆమె 'పదకొండు' కొట్టేసి పక్కన 'పది' అని రాసింది. ఆ మాట మీద కన్నీటి చుక్క పడి కాగితం ముడతపడింది.

మేస్త్రి అలవాటు కొద్దీ అరచేత్తో దాన్ని సాపు చేశాడు. ఆ చేతిమీద చెయ్యి వేసి ఆమె అలాగే ఉండిపోయింది. ఈసారి ఆయన తియ్యమనలేదు.