వీపు తిప్పి చెప్పిన పాఠం

ఖోఖో పాఠం, ఈత పాఠం పూర్తిచేసి గౌరీశ్వరి చెడుగుడు పాఠం వీడియోను తెర మీదికి తెచ్చుకుంది. కోచ్ చేసే ప్రతి పనికీ ఒక ముద్ర వేయాలి: సూచన, సవరణ, మెప్పు, ఉదాసీనం. నిశితాక్షి అనే యంత్రం తన ముద్రలు ఎప్పుడో వేసేసింది. యంత్రం ముద్రలతో మనిషి ముద్రలు కలిసేకొద్దీ సామ్యాంకం పెరుగుతుంది. ఆ అంకాన్ని చూసే రాష్ట్రమంతా నిశితాక్షిని నమ్ముతోంది; అది ఎర్రగీత కిందికి దిగితే నిశితాక్షి తీర్పులన్నీ ఆపేయాలి. గౌరీశ్వరి అంకం ఏనాడూ తగ్గలేదు, ఆ గర్వం ఆమెకుంది.

కోచ్ అసిరితల్లి బరికి వీపు తిప్పి నిలబడింది. పాఠమంతా అంతే. నిశితాక్షి ఉదాసీనమంది, పోయిన నెల మొదటి చూపులో గౌరీశ్వరీ అదే అంది. ఇది రెండో చూపు. ఇదీ కలిస్తే అసిరితల్లి ఇక బరిలో అడుగుపెట్టడానికి లేదు.

"ఇంకా అదేనేటమ్మా? పోయినసారి ఏసిందే ఏసియ్," అన్నారు పర్యవేక్షకుడు సింహాచలం.

వేసేయబోయి ఆగింది. కూతకు వెళ్లొచ్చిన పిల్ల, కోచ్ వీపు వైపు చూసి తలూపింది. దేనికి?

నిశితాక్షికి చెవుల్లేవు. దానితో ముద్రలు కలవడం తేలికని ఇక్కడ అందరూ శబ్దం కట్టేసే పనిచేస్తారు. గౌరీశ్వరి చెవులకు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని పాఠాన్ని మొదటికి తిప్పింది.

సన్నగా సాగిన కూత ఒకచోట వణికి తెగింది.

"గీత దాటినకాడే సగం గుక్క ఊదేసినావేటే! దాసుకో. మల్లీ ఎల్లు," అంది అసిరితల్లి, తిరక్కుండానే.

రెండోసారి కూత తెగలేదు.

గౌరీశ్వరికి సిగ్గేసింది, ఆ వెంటనే హుషారొచ్చింది. సవరణ, సవరణ, మెప్పు, సవరణ. పాఠం చివరిదాకా తడుముకోకుండా వేసింది. సామ్యాంకం ఎర్రగీత కిందికి దిగింది.

సింహాచలం పరుగున వచ్చారు. "ఏటి సేసినావమ్మా! నిశితాక్షి ఇచ్చిన తీర్పులన్నీ ఆగిపోనాయి. నీ చూపుకే నిలకడ లేదని రాసీమంటావా?"

"రాసెయ్యండి సార్. పోయినసారి నేనూ తప్పే చూశాను, అదీ తప్పే చూసింది. ఇద్దరం ఒకే తప్పు చేస్తే దాన్ని నమ్మకమంటున్నాం."

"మరిప్పుడు ఆ పాటాలన్నీ ఎవులు సూస్తారు?"

ఆమె లేచి కుర్చీ ఆయన వైపు జరిపి, హెడ్‌ఫోన్స్ చేతిలో పెట్టింది.

"మనమే. ముందు ఇది వినండి."

సింహాచలం కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టి కూర్చున్నారు.