రెండెకరాల పూలు

"హక్కులు చెప్పే టీచర్ ఎవరండీ ఇక్కడ?"

పంచాయతీ ఆఫీసు వరండాలో, బడి మానేసిన పిల్లల్ని మళ్ళీ కూర్చోబెట్టి పాఠం చెబుతున్న శ్రీరమ్య తలెత్తి చూసింది. మెట్ల దగ్గర మోకాళ్ళ దాకా బురదతో కోటేష్ నిలబడి ఉన్నాడు. వినుకొండలో డిగ్రీ చదివి, సొంతూళ్ళో సంకర విత్తనాల కోసం రెండెకరాల పత్తి వేసిన కుర్రాడు. అరవడానికే వచ్చాడు గానీ, ఆమెను చూశాక ఆ కోపం ఎక్కడ దాచుకోవాలో తెలియలేదు.

"నేనేనండీ. ఏం కావాలి?"

"మా ఆరుగురు పిల్లలు కావాలి."

"మీకు ఆరుగురు పిల్లలా?"

క్లాసంతా గొల్లుమంది. కోటేష్ చెవులు ఎర్రబడ్డాయి.

"మా చేలో పనిచేసే పిల్లలండీ! సాయంత్రం మొగ్గ ఒలిచి ఎర్రకాగితం చుట్టాలి, పొద్దున్నే మగపువ్వు తెచ్చి దానికి రుద్దాలి. ఒక్కరోజు తప్పితే పువ్వు రాలిపోద్ది. నిన్నట్నుంచి ఒక్కరూ రాలేదు. అడిగితే, బడికి పోవడం మా హక్కంటున్నారు!"

"ఆడుకోవడం కూడా. అది రేపటి పాఠం."

"మరి నా చేను?"

"పెద్దవాళ్ళని పెట్టుకోండి."

"పెద్దవాళ్ళ వేళ్ళకి ఆ పని రాదండీ. ఎవర్నైనా అడగండి."

ముందు వరసలోంచి, మొన్నటిదాకా అతని చేలోనే పనిచేసిన పదకొండేళ్ళ నసీమున్నీసా లేచింది. "నేర్పితే వచ్చిద్ది. కూర్చో అన్నా!"

బోర్డు మీద మొగ్గ బొమ్మ గీసింది. నాలుగు నిజం మొగ్గలు తెప్పించింది. మూడు అతని చేతిలో నలిగిపోయాయి.

"మెల్లగా అన్నా! అది మొగ్గ, సోడా మూత కాదు."

శ్రీరమ్య పుస్తకం అడ్డం పెట్టుకుని నవ్వింది. నాలుగోది కూడా నలిగింది.

కోటేష్ ఊరంతా తిరిగి బతిమాలితే ఐదుగురు ఆడవాళ్ళు ఆ పని నేర్చుకుని రావడానికి ఒప్పుకున్నారు. ఇంకొకరు తక్కువ. మర్నాడు పొద్దున చేలో ఆ ఆరో మనిషి కొంగు బిగించి నిలబడి ఉంది.

"మీరేందండీ ఇక్కడ?"

"పిల్లల్ని బడికి పిలిచింది నేను. మీ చేను పోతే ఊరంతా బడినే తిడుతుంది. మళ్ళీ పిల్లల్ని పనికి పంపుతారు. పంట నిలిచేదాకా బడికి ముందు, బడి తర్వాత వస్తాను."

నెల రోజులు వచ్చింది. ఆమె వరసలో కాయలు నిలిచాయి. అతని వరసలో సగం పూలు రాలిపోయాయి. చూపు పువ్వు మీద ఉంటే కదా!

"మీ వరసలో కాయల్లేవేమండీ?"

"గాలండీ."

"నా వరసకి గాలి రాదా?"

కోటేష్ వంగి, లేని కలుపు పీకాడు.

మొత్తానికి చేను నిలిచింది. పెద్దవాళ్ళ వేళ్ళతో కాసిన కాయలని పక్క చేలవాళ్ళు కూడా వచ్చి చూసిపోయారు. ఆఖరి పువ్వు కూడా అయిపోయిన పొద్దున కోటేష్ గొంతు సవరించుకున్నాడు.

"రేపట్నుంచి మీరు రానక్కర్లేదండీ."

శ్రీరమ్య మొహం చిన్నబోయింది. "సరేనండీ."

"అంటే, చేలోకి రానక్కర్లేదని. వేరేచోటికి... అంటే, మీకు ఇష్టమైతేనే..."

గట్టు మీద చద్దిమూట విప్పుతున్న అతని తల్లి సుబ్బరావమ్మ ఇంక ఓర్చుకోలేకపోయింది. "ఇంటికి రమ్మంటున్నాడమ్మా! వాడు చెప్పేలోపు పత్తి తీత కూడా అయిపోద్ది!"

శ్రీరమ్య చేతికంటిన పుప్పొడి దులుపుకుంది. "పెళ్ళయినా నేను బడి మానను. పొద్దున్నే వంట ఆయనే చెయ్యాలి. వస్తా అత్తయ్యా, బెల్లు కొట్టే టైమైంది."

ఆ 'అత్తయ్యా' ఏమిటో కోటేష్‌కి అర్థమయ్యేసరికి ఆమె డొంక మలుపు తిరిగిపోయింది. చెప్పులు గట్టు మీదే వదిలేసి పరుగెత్తాడు.